ధర్మవరంలో నేను అమ్మిన ఎండ

ఆ రోజుల్లో నా కళ్లకు లోకంలో రెండే రకాల మనుషులు కనిపించేవాళ్లు. నా దగ్గర గాజులాంటి రేకు కొన్నవాళ్లు, ఇంకా కొననివాళ్లు. మొదటి రకంలో ఒక్కరూ లేరు. రెండో రకంలో గుంతకల్లు నుంచి తనకల్లు దాకా జనమంతా ఉన్నారు. డిగ్రీ అయిపోయి అనంతపురంలో ఒక రేకుల అంగట్లో ఉద్యోగానికి కుదిరిన కొత్త అది. అంగడి యజమానిని అందరూ రేకుల మామ అనేవాళ్లు, నేనూ అట్లాగే పిలిచేదాన్ని. సిమెంటు రేకులు, జింకు రేకులు అమ్మి పైకొచ్చిన మనిషి. ఎవరి మాట విన్నాడో ఏమో, పాలీకార్బనేట్ షీట్లు కొన్ని తెప్పించి గోడౌన్లో నిలబెట్టి, వాటిని అమ్మే పని నాకు అప్పగించాడు. (ఆ పేరు సరిగ్గా పలికిన మనిషి నాకు ఈ రోజు వరకూ తగల్లేదు. 'గాజురేకు' అంటారు. 'గాజు కాదన్నా' అంటాను. 'సరేలేమ్మా, ఆ గాజురేకే' అంటారు.)

మా ఊరు బత్తలపల్లె పక్కన. నాయనది వేరుశెనగ సేద్యం, అదీ పూర్తిగా వాన దయ మీద. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు సాయంత్రం ఇంటికి రాగానే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని విచారణ మొదలుపెట్టాడు. "ఏమి అమ్ముతావు పాపా?" అన్నాడు. ఇంట్లోకి వెలుతురొచ్చే రేకు నాయనా అన్నాను. "అంటే ఎండ లోపలికి వస్తాదా?" వస్తుందన్నాను. నాయన చాలాసేపు ఆలోచించాడు. కూతురు చదువుకున్నది, తొందరపడి నొప్పించకూడదని ఆయన పడిన అవస్థ నాకు కనబడుతూనే ఉంది. చివరికి, "ఈ సీమలో ఎండను దుడ్లిచ్చి కొనేవాడు యాడుండాడమ్మా? ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు ల్యాడే" అన్నాడు. అమ్మ లోపల్నుంచి నవ్వింది. నాకు మాత్రం కోపమొచ్చింది. ఈయనకు అమ్మి చూపించాలి, అనంతపురంలోనే ఎండ అమ్మాలి అని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను. ఆ వయసులో నిశ్చయాలకు కొదవ లేదు.

రోజూ పలకంత రేకుముక్క ఒకటి సంచిలో వేసుకొని బస్సెక్కేదాన్ని. ఎక్కడికి పోయినా మొదట దాన్ని నేలమీద పెట్టి, "అన్నా, రాయి తీసుకొని కొట్టు" అనేదాన్ని. కొట్టేవాళ్లు. రాయి ఎగిరి పడేది, రేకు పగిలేది కాదు. గాజులో సగం బరువు కూడా ఉండదు, వంచితే వంగుతుంది, రాళ్లవానకు బెదరదు, పైపొర ఎండలోని చెడ్డ కిరణాల్ని ఆపుతుంది కాబట్టి ఏళ్ల తరబడి పచ్చబడదు, అని నేను పాఠం అప్పజెప్పేదాన్ని. వినేది ఎవరు! మొగవాళ్లకు రాయి చేతికిస్తే చాలు, ఒకడు కొట్టి ఇంకొకణ్ణి పిలుస్తాడు, వాడు బావమరిదిని పిలుస్తాడు. కొట్టడానికి వచ్చినంతమందిలో ఒక్కడూ కొనడానికి రాలేదు. పైగా అన్ని దెబ్బలకూ ఆ ముక్క పగల్లేదు గానీ గీతలు పడీ పడీ మసకబారిపోయింది. అవతలిది ఇవతలికి కనిపించే రేకు అని ఊరూరా చెబుతూ నేను చూపించే ముక్కలోంచి నా చెయ్యే నాకు కనిపించేది కాదు. (బలం వేరు, గీత పడకపోవడం వేరు. ఈ తేడా నాకు కంపెనీవాళ్లు చెప్పలేదు, పల్లెల్లో రాళ్లు చెప్పాయి.)

నెలలు గడిచాయి. రేకుల మామ ఒకరోజు టీ తాగుతూ, "సూడు పాపా, ఆ షీట్లు ఈ ఎండాకాలం లోపల ఒక్క ఇంటికన్నా ఎక్కితే నువ్వు బయట తిరుగు. ఎక్కకపోతే లోపల కూర్చోని బిల్లులు రాయి" అన్నాడు. ఆయన కోపంగా అనలేదు, అందుకే నాకు భయమేసింది. లోపల అంటే సిమెంటు రేకుల కింద, తిరగాలా వద్దా అని ఆలోచించే ఫ్యాను ముందు, సాయంత్రం దాకా. ఊళ్లు తిరిగి, కొత్తవాళ్లతో మాట్లాడి, ఒప్పించి అమ్మడం నాకు ప్రాణంగా ఉండేది. దాన్ని పోగొట్టుకోకూడదు. ఆ మర్నాడే ధర్మవరం బస్సెక్కాను.

ధర్మవరంలో పట్టుచీరల అంగళ్ల సందులో బార్డరు మామ అంగడి ఉంది. (చీరలో ఏది అడిగినా ముందు అంచు గురించి మొదలుపెట్టేవాడు కాబట్టి ఆ పేరు.) సందు ఇరుకు, అంగడి పొడుగు, లోపల పట్టపగలు లైట్లు. ఆ లైట్ల కింద చీర రంగు నిజం చెప్పదని మనవాళ్లందరికీ తెలుసు. అందుకే పెళ్లిచీర నచ్చిందంటే దాన్ని భుజాన వేసుకొని నలుగురు ఆడవాళ్లు వీధిలోకి పోతారు, ఎండలో పరిచి, తిప్పి, మడిచి, మళ్లీ తిప్పి చూస్తారు. నేను పోయిన రోజు కూడా ఒక పెళ్లివారు అట్లాగే వీధిలోకి వచ్చారు. ఎదురంగడి యజమాని తన మెట్ల మీద టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. అది ఆయన రోజూ నిలబడే చోటే. "అక్కా, బాగుండాది చీర. అదే రంగులో మా దగ్గర అంచు ఇంకొంచెం పెద్దది ఉండాది, ఊరికే సూసిపోండి" అన్నాడు. అంతే. పెళ్లివారు ఆ మెట్లెక్కారు, చీర ఒక్కటే పనిమనిషి చేతిలో వెనక్కి వచ్చింది. బార్డరు మామ దాన్ని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. "నా చీరను చూసేకి వాని గడప కాడికి పంపిచ్చుకోవల్ల నేను. ఇదెక్కడి కర్మమ్మా!" అన్నాడు, నేనెవరో కూడా అడగకుండా.

నేను ఆ అంగడిని అటూ ఇటూ చూశాను. మధ్యలో పాతకాలపు తొట్టికట్టు ఇంటి నడిమి ఖాళీ, దానిమీద చీకటిగా జింకు రేకులు. "మామా, వాళ్లు ఎండలోకి పోవడమెందుకు? ఎండనే లోపలికి తెద్దాం" అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఉడికిపోతాం గదమ్మా!" రేకును గోడలకన్నా మూరెత్తు పైకి లేపుదాం, వేడిగాలి చుట్టూ ఖాళీలోంచి పోతుంది, మిట్టమధ్యాహ్నానికి తెల్లగుడ్డ తెర లాక్కుందాం అన్నాను. "పట్టు వెలిసిపోతాది." పట్టు వెలిసిపోయేట్టు చేసే కిరణాల్నే ఈ రేకు ఆపేది, వెలుతురు మాత్రం వస్తుంది అన్నాను. బార్డరు మామ భార్య, అందరికీ పెద్దమ్మ, లోపల్నుంచి రోటి పొత్రం మోసుకొచ్చి "పగలదంటివే, చూస్తాం" అని నా ముక్కమీద ఎత్తేసింది. పొత్రం ఎగిరి బార్డరు మామ కాలి బొటనవేలికి జానెడు దూరంలో పడింది. ఆయన కాలు చూసుకున్నాడు, రేకు చూసుకున్నాడు. "ఎయ్యమ్మా" అన్నాడు. బస్సులో తిరిగొస్తూ నేను కండక్టరుకు కూడా ఈ విషయం చెప్పాను. ఆయన టికెట్టు తీసుకోమన్నాడు.

రేకులు చక్కగా ఎక్కాయి. ఎండకు ఈ రేకు సాగుతుంది కాబట్టి మేకుల కోసం రంధ్రాలు కొంచెం వదులుగా వేయించాను. (ఆ సాగడం ముడుచుకోవడంలో టిక్కు టిక్కుమని చప్పుళ్లొస్తాయి. పెద్దమ్మ మొదట్లో పైన పిల్లి తిరుగుతోందని పాలు కూడా పెట్టిందట.) లోపలి వైపు అంటించి వచ్చే పల్చటి ప్లాస్టిక్ కవరును పనివాళ్లు బిగించేటప్పుడే తీసేశారు. పైవైపుది, కంపెనీ పేరు పెద్ద పెద్ద నీలం అక్షరాలతో ఉన్నది, తీయబోతుంటే పెద్దమ్మ రెండు చేతులూ చాచింది. "మంచిరోజు పూజ చేసి తీస్తాం. ఇప్పుడే తీసేస్తే పాతది అయిపోదా?" అంది. ఆ ఇంట్లో ఫ్రిజ్జు అట్టముక్కలతోనే చల్లగా నడుస్తోంది. రిమోటుకు కవరు, సోఫాకు కవరు, స్కూటరు సీటుకు కవరు, ఆ కవరు చిరక్కుండా ఇంకో కవరు. కంపెనీవాళ్ల శిక్షణలో నాకు నేర్పిన మొట్టమొదటి పాఠం, బిగించిన రోజే కవరు తీయాలని. కానీ నా చేతి గడియారం మీద ఉన్న కవరు నేనే ఏడాదిగా తీయలేదు. పెద్దమ్మ మాట నాకు ఎంతో న్యాయంగా తోచింది. మంచిరోజు వారంలోనే ఉంటుంది కదా, ఉండనీ అన్నాను.

మూఢం వచ్చింది. శుభకార్యాలు పనికిరావు, కొత్తది తెరవకూడదు అన్నాడు అయ్యవారు. ఆ మూఢమంతా ధర్మవరం ఎండ ఆ కవరును రేకుమీద అప్పడంలాగా కాల్చింది. పాపం, నేను మాత్రం ప్రతివారం ఫోను చేసి "పెద్దమ్మా, కవరు భద్రమా?" అని అడుగుతుండేదాన్ని. భద్రమేనమ్మా అనేది ఆమె.

మూఢం పోయిన మొదటి రోజు పెళ్లివాళ్లు ధర్మవరం మీద పడ్డారు. అంతవరకూ ఆపుకున్న ముహూర్తాలన్నీ ఒక్కసారిగా వచ్చాయి మరి. నేనూ పొద్దున్నే బస్సు దిగి అంగడికి చేరాను, బార్డరు మామ టెంకాయ కొట్టాడు. నిచ్చెనమీద పనివాడు కవరు మూల పట్టుకొని లాగాడు. గోరంత ముక్క ఊడొచ్చింది. మళ్లీ లాగాడు, ఇంకో గోరంత. ఈలోగా మొదటి పెళ్లివారు లోపలికి వచ్చేశారు. పెళ్లికూతురి జేజి (నాయనమ్మ) నడిమధ్యన కూర్చుంది, ఆమెముందు పసుపుపచ్చ పట్టుచీర పరిచారు. దానిమీద కంపెనీ పేరు నీడ పడింది, కుచ్చిళ్ల నుంచి కొంగు దాకా, పెద్ద పెద్ద అక్షరాల్లో. జేజి చేత్తో తుడిచింది. పోలేదు. చీర జరిపింది. పక్క చీరమీద పడింది. "ఏమప్పా, పెళ్లిపిల్ల చీరమీద ఎవరి పేరు రాసి పెట్టినావు? ఈ పసుపేంది, ఇట్ల పాసిపట్టినట్ల ఉండాది?" అని లేచింది. చీరతో సహా అందరూ వీధిలోకి పోయారు. ఎదురంగడాయన టీ గ్లాసు అప్పటికే చేతిలో ఉంది.

చీర వెనక్కి వచ్చింది. బార్డరు మామ పైకి చూసి, నన్ను చూసి, మళ్లీ పైకి చూశాడు. ఈ కబురు అనంతపురానికి నాకంటే ముందు ఎట్లా పోయిందో, రేకుల మామ ఫోను చేసి "పాపా, బిల్లుల పుస్తకం తీసి టేబులు మీద పెట్టినా" అన్నాడు. పనివాడు బ్లేడు తెచ్చాడు. గీతలు పడతాయని లాక్కున్నాను. ఇంకొకడు పెట్రోలు పెట్టి తుడుస్తానని బయల్దేరాడు. పెట్రోలు, థిన్నరు తగిలితే ఈ రేకు సన్నగా బీటలు వారుతుంది. రాయికి చావనిది వాసనకు చస్తుందని చెబితే వాడు నమ్మలేదు, సీసా పట్టుకొని నేనే మెట్లమీద కూర్చున్నాను. గోటికింద ఇరుక్కున్న ఆ కవరుముక్కను చూస్తూ ఉంటే నాకు మా ఇంటి వేరుశెనగ పప్పు గుర్తొచ్చింది. పచ్చిపప్పు పొట్టు గూడా ఇట్లాగే, గిల్లినకొద్దీ చుక్క చుక్కగా వస్తుంది. అమ్మకు ఫోను చేశాను. "పప్పు పొట్టు ఊడకపోతే ఏమి చేస్తావు?" అన్నాను. "పొట్టు ఊడకపోతేనా?" అంది అమ్మ, కూతురికి పిచ్చిపట్టిందేమోనన్న గొంతుతో. "వేన్నీళ్లల్ల నానబెట్టి, వేళ్లతో దొర్లిస్తే అదే వస్తాది. ఆత్రపడి గిల్లితే పప్పు పాడయితాది. యాడుండావు నువ్వు?"

ఉన్నచోటు చెప్పాను. మా ఊరు ధర్మవరానికి దగ్గరే, గంట తిరక్కముందే నాయన ఒక ఆటో నిండా ఆడవాళ్లను తీసుకొచ్చాడు. అమ్మ, పిన్నమ్మ, మేనత్త, పక్కింటి అక్క. వానల్లేక పొలం పని లేని రోజులు, పైగా పట్టుచీరల వీధి చూపిస్తానంటే ఎవరు రారు! రేకులమీద నేరుగా కాలు పెట్టకుండా కింది కమ్ముల మీదికి అడ్డంగా చెక్కపలకలు వేయించాను. నలుగురూ చెంగులు దోపుకొని ఎక్కారు. పెద్దమ్మ కాగుల్లో వేన్నీళ్లు కాచి పంపింది. పాత గుడ్డలు ముంచి కవరుమీద పరచడం, నానిందాకా ఊరి సంగతులు మాట్లాడుకోవడం, తర్వాత వేళ్లతో మెల్లగా దొర్లించడం. కవరు చుట్టలు చుట్టుకుంటూ రాసాగింది. ఇంట్లో మునివేళ్లతో పప్పు పొట్టు తీసే చేతులు అవి, ఒక్క గీత పడనీయలేదు. ధర్మవరంలో మండుటెండలో ఎవరో కప్పుమీద నీళ్లు పోస్తున్నారన్న వార్త ట్యాంకరు కోసం నిలబడిన వరుసల దాకా పోయింది. వీధంతా నిండిపోయింది. "నీళ్లు ఎక్కువైనాయా ఏమప్పా?" అని ఎవరో అరిచారు. "తూము కింద తొట్లు పెట్టినాం, పోసినవి పోసినట్లే వస్తాండాయి. బట్టలు ఉతుక్కుంటాం, నీకేమి?" అని పెద్దమ్మ గేటు దగ్గర్నుంచి జవాబు చెప్పింది.

బార్డరు మామ మొదట భయపడి చీరలన్నీ గోడవారకు లాగేశాడు. పైన నీళ్లు పారుతున్నాయి, కింద ఒక్క చుక్క పడలేదు. ఎప్పుడు వాన వస్తుందా, ఎప్పుడు ఈ కప్పును పరీక్షించుకుందామా అనుకుంటే మా సీమలో కొత్త కప్పులు కూడా పాతబడిపోతాయి. ఆరోజు ఆయనకు ఆ పరీక్ష ముందే అయిపోయింది. కాసేపు పైకి చూశాడు. లోపలికి పోయి అన్నిటికన్నా ఖరీదైన తెల్లపట్టు తెచ్చి నడిమధ్యన, నీళ్లు పారేచోటికి సరిగ్గా కింద, తన చేత్తో పరిచి దాని పక్కన కాలుమీద కాలేసుకొని కూర్చున్నాడు. అంత ధీమా నా రేకుమీద నాకే ఉండేది కాదు.

ఇంతలో ఎదురంగట్లో చీర తీసుకున్న జేజి పరివారం రంగు చూసుకోవడానికి వీధిలోకి వచ్చింది. వీధి ఎక్కడుంది? నెత్తిమీద నెత్తి, అందరూ మా ఆడవాళ్లను చూసేవాళ్లే. చీర పరచడానికి చోటు లేదు. జేజి అటూ ఇటూ చూసి, చీర భుజాన వేసుకొని తిన్నగా బార్డరు మామ అంగట్లోకి నడిచింది. ఎదురంగడాయన మెట్లు దిగి "అవ్వా, అవ్వా" అంటూ జనంలో ఇరుక్కుపోయాడు. లోపల కవరు పోయిన కప్పుకింద పగలు పగలులాగా ఉంది. జేజి ఆ చీరను పరిచింది. దాని పక్కన తాను పొద్దున వద్దన్న పసుపుచీర కూడా పరిపించింది. "ఈ వెలుతుర్లో ఏ రంగు ఆ రంగు మాదిరే ఉండాదప్పా" అంది జేజి. పొద్దుటి పసుపు ఆమెవైపు చూసి నవ్వుతున్నట్టే ఉంది. "ఇది కట్టియ్యి. ఆ చీర ఆ అప్పకు ఇచ్చేసి రాండి" అంది. బార్డరు మామ లేచి, చీర సంగతి మరిచిపోయి నాకు నమస్కారం పెట్టాడు. నాకు ఇప్పటికీ తలుచుకుంటే ఛాతీ విచ్చుకుంటుంది. దాచుకోవడమెందుకు, ఆరోజు నేను గర్వంతో నేలమీద నడవలేదు. రేకుల మామకు నేనే ఫోను చేశాను. "మామా, పుస్తకం లోపల పెట్టెయ్యి" అన్నాను. ఎదురంగడాయన నెల తిరక్కుండా తన అంగడికీ అదే రేకు వేయించుకున్నాడు. (మూఢం ఎప్పుడో ముందే అడిగి తెలుసుకొని మరీ బిగించాను.)

నాయన మాత్రం అంగడి నడిమధ్యన నిలబడి పైకి చూస్తున్నాడు. పైన అమ్మ పలకమీద కూర్చొని నుదురు తుడుచుకుంటోంది, ఆమె వెనక ఆకాశం. "ఇంట్లోనించి ఇంత బాగా కనపడతాదా? మబ్బు పట్టిందీ ల్యాందీ మంచంమీంచే సూసుకోవచ్చు గదా పాపా" అన్నాడు. మిగిలిన ముక్క ఒకటి ఉంటే అడిగి తీసుకున్నాడు.

ఆ ఆదివారం ఇంట్లో మధ్యాహ్నం లేచి చూస్తే, నాయన మంచానికి సరిగ్గా పైన సిమెంటు రేకు ఒకటి తీసేసి ఆ ముక్క బిగించి ఉంది. కవరుతో సహా. అక్షరాలు కింది నుంచి తిరగబడి కనబడుతున్నాయి. నేను నిచ్చెన వేసుకొని మూల పట్టుకోబోతే నాయన గట్టిగా అరిచాడు. "తీయాకు! ఇట్లాగే ఉండనీ." వెలుతురు రాదు నాయనా, రేపు కాలిపోతుంది నాయనా, మొన్న చూశావు కదా అన్నాను. "మబ్బు సూసేకి మూలకు ఇంత తీసినాను, నాకది చాలు. మిగతాది తీసేస్తే ఆడ రేకుండేదే తెలీదు. వచ్చినోళ్లకు మా పాప అమ్మే రేకు ఇదీ అని ఏమి చూపించల్ల నేను?" అన్నాడు. నేను నిచ్చెన దిగాను.

ఇప్పుడు నా కింద అమ్మకానికి తిరిగే పిల్లలు ఉన్నారు. మూఢమైనా సరే, యజమానురాలు రెండు చేతులూ చాచినా సరే, బిగించిన రోజే కవరు తీయాలని వాళ్లకు మొదటిరోజే గట్టిగా చెబుతాను. మా ఇంటి కప్పు సంగతి మాత్రం చెప్పను. ఏళ్ల ఎండకు ఆ కవరు పొడిపొడిగా రాలిపోయింది, అక్షరాల్లో ఒక్కటీ మిగల్లేదు. నాయన మాత్రం వచ్చినవాళ్లకు ఇప్పటికీ పైకి చూపించి, చదివి వినిపిస్తున్నట్టే చెబుతాడు, వాళ్లూ తలెత్తి చదువుతున్నట్టే చూస్తారు. ఊరికి పోయినప్పుడు ఆ మంచం మీద నేనూ కాసేపు పడుకుంటాను. గీతలు పడిన పలకంత రేకుముక్క సంచిలో వేసుకొని, గడియారం మీద కవరు మెరుస్తుండగా, బస్సు వెంట పరుగెత్తిన ఆ పిల్ల గుర్తొస్తుంది. ఎండ అమ్ముతానంది పిచ్చిది. అమ్మింది కూడా.